ఒక్క కార్డుకు నలభై కార్డులు: మార్చుకోవాలా, ఉంచుకోవాలా?

ప్రశ్న: అన్నా, పన్నెండేళ్లుగా మ్యాజిక్: ది గ్యాదరింగ్ అనే కార్డుల ఆట ఆడుతున్నాను. నా దగ్గర గేయాస్ క్రేడిల్ అనే కార్డు ఒకటి ఉంది, 1998 నాటి ఉర్జాస్ సాగా సెట్‌లోది. ఆడుకోవడానికే సంపాదించాను. అది పెట్టుకున్న ఎల్ఫ్ డెక్‌ను (ఆటకు కూర్చుకున్న కార్డుల కట్టను) రెండేళ్ల కిందట విప్పేశాను. అప్పటినుంచి కార్డు బైండర్‌లోనే ఉంది. మాతో ఆడే ఒకాయన దానికి బదులుగా నలభై కార్డులు ఇస్తానంటున్నారు. ఫెచ్‌ల్యాండ్‌లు, షాక్‌ల్యాండ్‌లు అనే ల్యాండ్ కార్డులు, ఈ ఆటలో ఎక్కువమంది ఆడే పద్ధతి కమాండర్‌లో అందరూ వాడే మరికొన్ని. లెక్క కడితే నా కార్డు కంటే పది శాతం ఎక్కువే వస్తోంది. వారంలో చెప్పమన్నారు. ఇచ్చేశాక దాని ధర రెట్టింపైతే ఏడవాలేమో అని భయం. ఉంచుకుంటే, రేపు కమాండర్‌లో దాన్ని నిషేధిస్తే? ఇంకో సంగతి. చిన్నప్పుడు మా అన్నయ్య ఇచ్చిన పోకెమాన్ చారిజార్డ్ కూడా ఉంది, మొదటి బేస్ సెట్‌లోది. గ్రేడింగ్‌కి (నాణ్యతకు మార్కులు వేయించడానికి) పంపి అమ్మేయమని అందరూ అంటున్నారు. మీరేమంటారు?

జవాబు: తమ్ముడూ, ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. ఆ నలభై కార్డుల బేరానికి ఒప్పుకోవద్దు. క్రేడిల్‌ను మార్చుకోవడంలో తప్పేమీ లేదు, వాటికి మాత్రం వద్దు. చారిజార్డ్‌ను అమ్మవద్దు, అమ్మడం కోసమని గ్రేడింగ్‌కీ పంపవద్దు.

నీ ఉత్తరమంతా రేపటి ధర చుట్టూ తిరిగింది. పెరుగుతుందా, పడుతుందా అని. ఆ సంగతి నాకు తెలియదు, కార్డులు కొని అమ్మడమే బతుకుదెరువుగా పెట్టుకున్నవాళ్లకీ తెలియదు. తెలియని దాని మీద నిర్ణయం నిలబెడితే నిద్ర పట్టదు. నేనైతే ఇంకో ప్రశ్న దగ్గర మొదలుపెడతాను. ఈ కార్డు చేయి దాటాక, ఎప్పుడైనా మళ్లీ కావాలనిపిస్తే తిరిగి తెచ్చుకోగలనా? ఎదుటివాళ్లు ఇచ్చే కార్డుల విషయంలోనూ ఇదే అడగాలి. ఇప్పుడు తీసుకోకపోతే తర్వాత దొరకవా? ఈ రెండు జవాబులూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలా బేరాలు వాటంతటవే తేలిపోతాయి.

నీ క్రేడిల్ రిజర్వ్‌డ్ లిస్ట్‌లోని కార్డు, అంటే మళ్లీ ముద్రించబోమని కంపెనీ మాటిచ్చిన జాబితాలోది. ఆ జాబితా ఎలా పుట్టిందో ఒకసారి గుర్తుచేసుకుంటే నేనెందుకు ఇంత గట్టిగా వద్దంటున్నానో తెలుస్తుంది. రిచర్డ్ గార్ఫీల్డ్ రూపొందించిన ఈ ఆటను విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ 1993 ఆగస్టులో విడుదల చేసినప్పుడు ఇంత ఆదరణ ఉంటుందని వాళ్లే ఊహించలేదు. తొలి ముద్రణ ఆల్ఫాలో ఒక్కో రేర్ కార్డు వేసింది సుమారు 1,100 ప్రతులే. ఆ వెంటనే వచ్చిన బీటాలో మూడు వేల పైచిలుకు. తర్వాతి అరేబియన్ నైట్స్, లెజెండ్స్ సెట్లు కూడా దొరక్క జనం వెతుకులాడారు. 1995లో క్రానికల్స్ పేరుతో ఆ పాత కార్డుల్లో చాలావాటిని కంపెనీ మళ్లీ అచ్చు వేసింది. ఆడేవాళ్లు సంతోషించారు, దాచుకున్నవాళ్లు మండిపడ్డారు. ఆ గొడవ చల్లార్చడానికి 1996 మార్చిలో జాబితాను ప్రకటించింది. దాని మీదున్న కార్డును టోర్నమెంట్లలో చెల్లే రూపంలో మళ్లీ ముద్రించరు, ఆటలో అచ్చం అదే పని చేసే మరో కార్డునూ వేయరు. 2002లో జాబితాను కొంత కుదించారు. 2010లో, మెరుపు పూత వేసిన ప్రత్యేక కార్డులుగా తీసుకురావడానికి ఉన్న సందును కూడా మూసేశారు. 1999 నాటి ఉర్జాస్ డెస్టినీ తర్వాత వచ్చిన సెట్లలోని కార్డు ఒక్కటి కూడా ఆ జాబితాలో లేదు.

ఇది చట్టం కాదు, ఒక కంపెనీ ఇచ్చిన మాట. అది మరచిపోవద్దు. మాట తప్పకుండానే దాని అంచుల దాకా వెళ్లిన సందర్భాలూ ఉన్నాయి. 2022లో ముప్పయ్యేళ్ల పండగ పేరుతో బ్లాక్ లోటస్ లాంటి జాబితా కార్డులను కూడా అచ్చు వేశారు. కాకపోతే వెనకవైపు బొమ్మ వేరు, టోర్నమెంట్లలో చెల్లవు. నీ కార్డుకే చూడు, 2017 ఇక్సలాన్ సెట్‌లో గ్రోయింగ్ రైట్స్ ఆఫ్ ఇట్లిమాక్ అని ఒకటి వచ్చింది. నీ దగ్గర నాలుగు జీవులు పోగయ్యాక అది తిరగబడి, క్రేడిల్ లాగే జీవికొక్క పచ్చ మానా (కార్డులు వేయడానికి ఖర్చుపెట్టే శక్తి) ఇస్తుంది. అయినా అది క్రేడిల్ కాలేదు. క్రేడిల్ మొదటి ఎత్తులోనే బల్ల మీద పడుతుంది. దీనికి ముందు మూడు మానా పెట్టాలి, తర్వాత తిరగబడేదాకా ఆగాలి. ఎల్ఫ్ డెక్ ఆడినవాడివి, ఆ తేడా నీకు నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఆయన ఇస్తానంటున్న కార్డుల చరిత్ర చూడు. ఫెచ్‌ల్యాండ్‌లలో మొదటి అయిదూ 2002లో ఆన్‌స్లాట్‌తో వచ్చాయి. 2014లో ఖాన్స్ ఆఫ్ తార్కిర్‌లో మళ్లీ వచ్చాయి, 2024లో మోడర్న్ హొరైజన్స్ 3లో మళ్లీ. మిగతా అయిదు 2009లో జెండికార్‌లో పుట్టి, 2017లో మోడర్న్ మాస్టర్స్‌లో, 2021లో మోడర్న్ హొరైజన్స్ 2లో తిరిగి వచ్చాయి. షాక్‌ల్యాండ్‌లు 2005లో మొదలై, ఆట కథ రావ్నికా అనే లోకానికి తిరిగి వెళ్లిన 2012లో, 2018లో మళ్లీ వచ్చాయి. అందరికీ అవసరమైనవి కాబట్టే మళ్లీ మళ్లీ అచ్చు వేస్తారు. ఆట కొత్తవాళ్లకు అందుబాటులో ఉండాలంటే అలాగే చేయాలి, నాకు దాని మీద ఫిర్యాదేమీ లేదు. కానీ ఈ రకం కార్డు కోసం తొందరపడాల్సిన పని ఎప్పుడూ ఉండదు. ఈ ఏడాది తీసుకోకపోతే ఇంకో ముద్రణలో తీసుకుంటావు, బహుశా తక్కువకే. క్రేడిల్‌కు అలాంటి రెండో అవకాశం ఉండదు. 1998లో ముద్రించిన ప్రతుల్లో కొన్ని పోతాయి, కొన్ని చిరుగుతాయి, కొన్ని ఎవరి పెట్టెల్లోనో మరుగునపడతాయి.

అంటే ఈ బేరం ఒకవైపుకే నడిచే దారి. క్రేడిల్ నుంచి ఫెచ్‌ల్యాండ్‌లకు ఏ రోజైనా వెళ్లొచ్చు. అటు నుంచి ఇటు రావడం చాలా కష్టం. ఏరు దాటి తెప్ప తగలేసినట్టు అవుతుంది.

నేను ఆ తెప్ప తగలేసినవాణ్నే. ఒకప్పుడు నా దగ్గర అండర్‌గ్రౌండ్ సీ అనే ల్యాండ్ కార్డు ఉండేది, 1994 రివైజ్డ్ ముద్రణలోది, తెల్ల అంచుది. స్టాండర్డ్ (ఇటీవలి సెట్లు మాత్రమే చెల్లే పద్ధతి) డెక్ ఒకటి కట్టాలన్న తహతహలో దానికి బదులు ఒక కట్ట కొత్త కార్డులు తీసుకున్నాను. ఆరోజు లెక్కలో నాకే ఎక్కువ వచ్చింది. ఆ డెక్‌తో ఆడింది మూడు టోర్నమెంట్లు. తర్వాత రొటేషన్‌లో ఆ సెట్లు స్టాండర్డ్ నుంచి తప్పుకున్నాయి, ఆ కార్డులు వేరే ఫార్మాట్లలో (ఆడే పద్ధతుల్లో) ఎవరికీ అక్కర్లేకపోయాయి. ఇప్పటికీ ఒక డబ్బాలో ఉన్నాయి. ధర తేడా కంటే నన్ను ఎక్కువగా కుంగదీసింది వేరొకటి. కొన్నేళ్లకు పాత కార్డులు కూడా చెల్లే లెగసీ ఫార్మాట్ ఆడాలన్న కోరిక పుట్టినప్పుడు, ఒకప్పుడు నా చేతిలోనే ఉన్న కార్డు కోసం మళ్లీ మొదటినుంచి పోగుచేసుకోవాల్సి వచ్చింది. అందుకే నీ ఉత్తరం చదవగానే జవాబు రాయకుండా ఉండలేకపోయాను.

రీప్రింట్ అంటే ధర పడిపోవడం ఖాయం అని కూడా అనుకోకు. 2007లో ఫ్యూచర్ సైట్ సెట్‌లో వచ్చిన టార్మోగాయిఫ్‌ను 2013లో మోడర్న్ మాస్టర్స్‌లో మళ్లీ వేస్తే ధర తగ్గకపోగా పెరిగింది. కొత్త ప్రతులు ఎన్ని వచ్చాయో అంతకంటే ఎక్కువమంది మోడర్న్ అనే ఫార్మాట్ ఆడటం మొదలుపెట్టారు. దాన్ని చూసి, ఈ కార్డుకు తిరుగులేదు అనుకున్నవాళ్లు చాలామంది. ఆ తర్వాత 2015లో, 2017లో, 2018లో వరుసగా ముద్రణలు పడ్డాయి. మధ్యలో 2017 మొదట్లో ఫేటల్ పుష్ అనే కార్డు వచ్చి ఒక్క మానాతో దాన్ని చంపేయడం నేర్పింది. అందరి డెక్‌లలో రాజులా ఉన్న కార్డు మెల్లగా పక్కకు జరిగింది. ఓడలు బళ్లు కావడానికి ఈ ఆటలో ఎక్కువ కాలం పట్టదు. బాగా ఆడే కార్డు కాబట్టి విలువ ఉన్నది వేరు, మళ్లీ రాదు కాబట్టి విలువ ఉన్నది వేరు. క్రేడిల్‌కు ఈ రెండూ ఉన్నాయి. నీకివ్వజూపుతున్న కార్డులకు మొదటిది మాత్రమే ఉంది.

నిషేధం గురించి నీ భయం సరైనదే, దాన్ని కొట్టిపారేయను. 2024 సెప్టెంబరు 23న కమాండర్‌లో మానా క్రిప్ట్, జ్యువెల్డ్ లోటస్, డాక్‌సైడ్ ఎక్స్‌టార్షనిస్ట్, ‘నాడు’ (వింగ్డ్ విజ్డమ్) అనే నాలుగు కార్డులను ఒక్క ప్రకటనతో నిషేధించారు. ఆరోజు చాలామంది బైండర్లు ఒక్క పూటలో తేలికైపోయాయి. ఆ గొడవ ఎంతదాకా వెళ్లిందంటే, అప్పటిదాకా ఆటగాళ్లే నడుపుతున్న రూల్స్ కమిటీ ఆ ఫార్మాట్ బాధ్యతను కంపెనీకే అప్పగించింది. ఆ నాలుగింటిలో జ్యువెల్డ్ లోటస్ సంగతి చూడు. అది ఇచ్చే మానాను నీ కమాండర్‌ను, అంటే డెక్‌కు నాయకుడిగా పెట్టుకున్న కార్డును, వేయడానికి తప్ప దేనికీ వాడలేవు. కమాండర్‌లో వద్దన్నాక ఇంకెక్కడా దానితో పని లేదు. క్రేడిల్‌కు లెగసీలో కూడా చోటుంది, పైగా పాత కార్డులను కేవలం దాచుకోవడానికే కోరుకునేవాళ్లు ఉన్నారు. కమాండర్‌లో నిషేధిస్తే దీని ధర కూడా పడుతుంది, అందులో సందేహం లేదు. ఆ ఫార్మాట్ ఆడేవాళ్లే ఎక్కువ కదా. కానీ సున్నా దగ్గరకు వెళ్లదు. ఆ నలభైలో 'అందరూ వాడే' కార్డులకూ ఇదే ముప్పు ఉందని, వాటికి వెనక ఇంకో ఆసరా ఉందో లేదో చూసుకోవాలని కూడా గుర్తుపెట్టుకో. నిషేధించినవి తిరిగి వచ్చిన రోజులూ ఉన్నాయి. 2016 జనవరిలో మోడర్న్‌లో నిషేధించిన స్ప్లింటర్ ట్విన్‌ను 2024 డిసెంబరులో వదిలారు. దాదాపు తొమ్మిదేళ్లు. అంతకాలం ఎదురుచూసే ఓపిక ఎవరికుంటుందో నాకు తెలియదు.

ఇక ఆ పది శాతం. అది ఉదారతతో ఇస్తున్నదని నువ్వు అనుకుంటున్నావేమో. ఆయన చెడ్డవాడనీ అనను. చిన్న కార్డులు పోగుచేసి పెద్ద కార్డు తీసుకోవాలంటే కొంత పైన ఇవ్వడం ఈ లోకంలో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి, దానికి కారణం ఉంది. క్రేడిల్‌ను వదిలించుకోవాలంటే నీకు కావలసింది ఒక్క మనిషి, ఒక్క కవరు, ఒక్కసారి మాట్లాడటం. నలభై కార్డులను వదిలించుకోవాలంటే నలభై ఫొటోలు, నలభై బేరాలు, ప్రతిదానికీ అమ్మకపు రుసుము, పంపే ఖర్చు. అందులో అయిదారు ఎవరూ అడగక నీ దగ్గరే మిగిలిపోతాయి. ఆ శ్రమకు కట్టిన వెలే ఆ పది శాతం. నా లెక్కలో అది తక్కువ.

పైగా ఆ లెక్క ఎలా కట్టారో అడుగు. వెబ్‌సైట్‌లో అమ్మేవాళ్లు పెట్టుకున్న ధర ఒకటి, నిజంగా అమ్ముడైన ధర ఇంకొకటి, డీలరు నీ దగ్గర కొనే ధర మూడోది. రెండువైపులా ఒకే కొలత వాడితేనే పోలిక. ఆయన కార్డులకు పైధర, నీ కార్డుకు అమ్ముడైన ధర తీసుకుంటే ఆ పది శాతం మంచులా కరిగిపోతుంది. కండిషన్ కూడా అంతే. నియర్ మింట్ (దాదాపు కొత్తది) అని రాసుకున్న కార్డు అంచులో తెల్లగా కనిపిస్తే అది లైట్లీ ప్లేడ్ (కాస్త వాడినది), ధర వేరు. నలభై కార్డుల్లో ప్రతిదీ ఒక మెట్టు ఎక్కువ చెబితే మొత్తం మీద ఎంత తేడా వస్తుందో నువ్వే కట్టి చూడు.

ఇలాంటప్పుడు చాలామంది చెప్పే పరీక్ష ఒకటుంది. 'ఆ కార్డు విలువంత డబ్బు ఇప్పుడు చేతిలో ఉంటే, ఇదే కార్డు కొంటావా? కొననంటే ఉంచుకోవద్దు.' వినడానికి బాగుంటుంది, కంపెనీల వాటాల దగ్గర పనికొస్తుందేమో. కార్డుల దగ్గర సగమే పనికొస్తుంది. వాటాల్లో కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య వెంట్రుకవాసి తేడా. కార్డుల్లో బయటికి వెళ్లడానికి ఒకసారి సుంకం కట్టాలి, తిరిగి రావడానికి మళ్లీ కట్టాలి. కాబట్టి 'ఇవాళ నేను దీన్ని కొనను' అన్నంత మాత్రాన 'ఇవాళే వదిలేయాలి' అని అర్థం రాదు. తేల్చుకోలేకపోతున్నావంటే, మళ్లీ దొరకని కార్డు విషయంలో ఊరికే ఉండటమే మేలు. ఎప్పుడైనా దొరికే కార్డు విషయంలో మాత్రం ఆగడం వల్ల లాభమేమీ లేదు, వాడకపోతే మార్చేసుకో.

అయినా రెండేళ్లుగా ఆ కార్డు బైండర్ దాటి బయటికి రాలేదన్నావు. అది నన్ను ఆలోచింపజేసింది. ఆడని కార్డును కేవలం భయం వల్ల పట్టుకుని ఉండటం నీకు భారమైతే, మార్చుకో. కానీ అదే మెట్టు మీదున్న కార్డులకు మార్చుకో. ఆయన్ని రెండు రంగుల మానా ఇచ్చే పాత డ్యుయల్ ల్యాండ్‌లు ఉన్నాయేమో అడుగు. అవీ రిజర్వ్‌డ్ లిస్ట్‌లోవే. రివైజ్డ్ తర్వాత టోర్నమెంట్లలో చెల్లేవి మళ్లీ అచ్చు కాలేదు. రంగులను బట్టి వాటి విలువల్లో చాలా తేడా ఉంటుంది కాబట్టి రెండో మూడో కలిపితే నీ క్రేడిల్‌కు తూగుతాయి. ఏ డెక్‌లోనైనా పనికొస్తాయి, రేపు కొంత డబ్బు అవసరమైతే ఒక్కటి ఇచ్చి మిగతావి ఉంచుకోవచ్చు. ఒకే పెద్ద కార్డుతో అది కుదరదు, ఇస్తే మొత్తం ఇవ్వాలి. రెండు డ్యుయల్ ల్యాండ్‌లు, పైన నీకు నిజంగా కావలసిన అయిదారు ఫెచ్‌ల్యాండ్‌లు అంటే అది నేను సంతోషంగా ఒప్పుకునే బేరం.

ఆయన ఇచ్చిన జాబితాను ఒకసారి ముందు పెట్టుకుని, ఈ నెలలోనే నీ డెక్‌లోకి వెళ్లే కార్డుల పక్కన మాత్రం గీత పెట్టు. 'ఎప్పుడైనా పనికొస్తుంది' అనిపించినవాటికి పెట్టొద్దు. పొరుగింటి పుల్లకూర రుచి అన్నట్టు ఇంకొకరి బైండర్‌లో ఏదైనా బాగానే కనిపిస్తుంది. గీత పడినవి తొమ్మిదో పదో తేలతాయని నా అంచనా. అప్పుడు నీకు అర్థమవుతుంది, నీకు కావలసింది ఆ పది కార్డులు. వాటికోసం క్రేడిల్ ఇవ్వక్కర్లేదు, నీ దగ్గర పడి ఉన్న ఇతర కార్డులతోనే వాటిని సంపాదించవచ్చు.

ఇంకొకటి. మళ్లీ ఎల్ఫ్ డెక్ కట్టాలనిపిస్తే, స్నేహితుల మధ్య ఆటలో ప్రాక్సీ (అసలు కార్డుకు బదులు పెట్టే నకలు) ఒప్పుకుంటారేమో అడుగు. ఒప్పుకుంటే అసలు కార్డును స్లీవ్‌లో (ప్లాస్టిక్ తొడుగులో) ఉంచి, కాగితం ముక్కతో ఆడుకోవచ్చు. అధికారిక టోర్నమెంట్లలో అది కుదరదు.

ఏ బేరం చేసినా కార్డులు చేతిలోకి తీసుకుని చూడకుండా సరే అనవద్దు. ఎక్కువ ధర పలికే కార్డులకు నకిలీలు బాగా తిరుగుతున్నాయి, ఫెచ్‌ల్యాండ్‌లూ అందులో ఉన్నాయి. నగలు చూసే భూతద్దం ఒకటి కొనుక్కో. అసలు కార్డు బొమ్మలో రంగుల చుక్కలు చిన్న చిన్న పువ్వుల్లా ఒక క్రమంలో కనిపిస్తాయి, నల్ల అక్షరాలు మాత్రం చుక్కలు లేకుండా గట్టిగా అచ్చయి ఉంటాయి. వెనకవైపు అయిదు రంగుల చుక్కల్లో పచ్చదాన్ని భూతద్దంలో చూస్తే, లోపల నాలుగు ఎర్ర చుక్కలు ఇంగ్లీషు ఎల్ అక్షరం ఆకారంలో ఉంటాయి. 2014 నుంచి వస్తున్న రేర్ కార్డులకు కింద మధ్యలో కోడిగుడ్డు ఆకారంలో మెరిసే ముద్ర ఉంటుంది. అంటే ఖాన్స్ ఆఫ్ తార్కిర్ ఫెచ్‌ల్యాండ్‌కు అది ఉండాలి, జెండికార్ దానికి ఉండకూడదు. నీ దగ్గరున్న నిస్సందేహమైన అసలు కార్డును, వీలైతే అదే సెట్‌లోదాన్ని, పక్కన పెట్టి పోల్చడం అన్నిటికంటే మంచిది. కార్డును వంచి చూసే పరీక్ష మాత్రం వద్దే వద్దు. ఆయన్నీ నీ క్రేడిల్‌ను ఇలాగే చూసుకోనివ్వు. అనుమానించారని బాధపడకు. నలభై కార్డులు ఒక్కొక్కటే చూడటానికి సమయం ఇవ్వనంటే ఆ బేరం అక్కడే వదిలేయ్.

ఇక చారిజార్డ్. ఇది వేరే ఆట, దీని లెక్క కూడా వేరు. పాత పోకెమాన్ కార్డుల విలువ వాటిని డెక్‌లో పెట్టి ఆడటం మీద ఆధారపడలేదు. అందుకే ఆ బొమ్మను 2000లో బేస్ సెట్ 2లో వేసినా, 2016లో ఎవల్యూషన్స్‌లో అదే రూపును గుర్తుచేసేలా కొత్త కార్డు తెచ్చినా, 2021లో సెలబ్రేషన్స్‌లో గుర్తు వేసి మళ్లీ తెచ్చినా 1999 నాటి కార్డును కోరేవాళ్లు తగ్గలేదు. వాళ్లకు కావలసింది ఆ ఏడాది అచ్చయిన ఆ కాగితమే. నీది ఏ ముద్రణో ముందు చూసుకో. బొమ్మ ఎడమవైపు కింద ఫస్ట్ ఎడిషన్ ముద్ర ఉందా? లేకపోతే, బొమ్మ చట్రానికి కుడివైపు నీడ ఉందా? నీడ ఉంటే అది అన్‌లిమిటెడ్, అందరి దగ్గరా ఎక్కువగా ఉండేది. నీడ లేకపోతే ముందు ముద్రణ. కింద హక్కుల వరుసలో ఏళ్లు చదువు. ముందు ముద్రణల్లో నింటెండో పేరుకు ముందు 95, 96, 98తోపాటు 99 కూడా ఉంటుంది, అన్‌లిమిటెడ్‌లో ఆ 99 అక్కడ ఉండదు.

గ్రేడింగ్ అంటే కార్డు నడిమి కొలత, మూలలు, అంచులు, ఉపరితలం చూసి పదికి ఇన్ని అని వేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో మూసి ఇవ్వడం. ఈ పని చేసే కంపెనీల్లో పీఎస్ఏ 1991 నుంచి ఉంది, బెకెట్ వాళ్లు 1999 నుంచి చేస్తున్నారు, సీజీసీ 2020లో కార్డుల్లోకి వచ్చింది. ఆ ఏడాది, మరుసటి ఏడాది జనం అటకల మీది డబ్బాలన్నీ దింపి పంపితే, కుప్పలు పేరుకుపోయి 2021 మార్చిలో పీఎస్ఏ తన సేవల్లో చాలావాటిని కొంతకాలం ఆపేయాల్సి వచ్చింది. అప్పుడు ఎగబాకిన ధరలు చాలావాటికి తర్వాత నిలవలేదు. పదికి పది వచ్చిన కార్డుకూ ఏడు వచ్చిన కార్డుకూ ధరలో కొండంత తేడా ఉంటుంది. ఆ పది రావాలంటే ప్యాకెట్ విప్పిన క్షణం నుంచి స్లీవ్‌లో ఉండాలి. పిల్లల చేతుల్లో తిరిగిన కార్డుకు నాలుగో అయిదో వస్తే గొప్ప. రుసుము, రానుపోను ఖర్చు, దారిలో ఏమైనా అవుతుందన్న దిగులు పోను మిగిలేది ఎంతో ముందే లెక్కేసుకో. నీది ఫస్ట్ ఎడిషన్ అయితే మాత్రం వేరే మాట. అప్పుడు తక్కువ మార్కులు వచ్చినా, అసలుదేనని ధ్రువీకరణ దొరకడమే పెద్ద మేలు, పంపించు. అప్పుడు కూడా అమ్మడానికని పంపకు, భద్రంగా ఉంటుందని పంపు.

అమ్మవద్దని ఎందుకన్నానంటే, నేను పైన చెప్పిన ప్రశ్నే ఇక్కడా. ఇంకో చారిజార్డ్ ఎప్పుడైనా దొరుకుతుంది. మీ అన్నయ్య చేతి నుంచి నీ చేతిలోకి వచ్చినది దొరకదు. నీ ఉత్తరంలో క్రేడిల్ గురించి అన్ని వాక్యాలు రాసి, దాని ధర, డెక్, సెట్ అన్నీ చెప్పావు. చారిజార్డ్ గురించి రాసినప్పుడు కండిషన్ కూడా చెప్పలేదు, ఎవరిచ్చారో చెప్పావు. డబ్బు అవసరం ఉందని నువ్వెక్కడా రాయలేదు. 'అందరూ అంటున్నారు' అని రాశావు. ఆ అందరిలో మీ అన్నయ్య ఉన్నారా? లేకపోతే ఒకసారి ఆయన్నే అడుగు.

రెండింటినీ ఎలా దాచావో కూడా చూసుకో. మెత్తని స్లీవ్, దాని మీద గట్టి టాప్‌లోడర్, ఎండ తగలని చోటు. బైండర్ అయితే పీవీసీ కలవనిది, పక్కనుంచి దూర్చే అరలున్నది. చారిజార్డ్‌కు మెరుపు పొర ఉంది. కాగితం తేమ పీల్చుకుంటుంది, ఆ పొర పీల్చుకోదు, అందుకే తేమ మారినప్పుడల్లా కార్డు వంపు తిరుగుతుంది. డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి అప్పుడప్పుడు మార్చు. రబ్బరు బ్యాండు మాత్రం దేనికీ వేయకు. రెండు కార్డులకూ రెండువైపులా మంచి వెలుతురులో ఫొటోలు తీసి ఉంచుకో, బేరం చేసినా చేయకపోయినా పనికొస్తాయి.

ఆ వారం గడువు గురించి. క్రేడిల్ ఇరవయ్యేడేళ్లకు పైబడిన కార్డు. నువ్వు ఇంకో నెల ఆలోచించినంత మాత్రాన దానికేమీ కాదు. ఆయనతో మర్యాదగా చెప్పు: నలభై వద్దు, డ్యుయల్ ల్యాండ్‌లు ఏమున్నాయో చూపించండి, కూర్చుని మాట్లాడుకుందాం అని. లేవంటే కార్డు నీ దగ్గరే ఉంటుంది, ఆయనతో ఆట ఎలాగూ ఆగదు. ఈలోగా ఆ నలభై పేర్లూ, ఇప్పుడు నువ్వు ఆడుతున్న డెక్ జాబితా నాకు రాసి పంపు. గీతలు ఎక్కడ పెట్టావో కూడా చూపించు, కూర్చుని నేనూ చూస్తాను.